పీసీఓఎస్: స్కాన్ కన్నా ముందు క్యాలెండర్ చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పెళ్లీడుకొచ్చిన అమ్మాయికి స్కానింగ్ తీయిస్తే కాగితం మీద ‘రెండు అండాశయాల్లోనూ పాలీసిస్టిక్ మార్పులు’ అని వస్తుంది. ఆ ఒక్క వాక్యంతో ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ‘నీటి బుడగలట’ అనుకుంటారు, ఆపరేషన్ చేసి తీయించెయ్యాలా అని అడుగుతారు, సంబంధాలు చూసేటప్పుడు రిపోర్టు దాచేస్తారు. అదే అమ్మాయికి నాలుగు నెలలకోసారి ముట్టు వస్తున్న సంగతి మాత్రం ఎవరూ లెక్క కట్టి ఉండరు. మెడ వెనక నల్లబడితే సున్నిపిండి పెట్టి రుద్దుతూంటారు. విశాఖలో ఈ పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) సమస్యతో వచ్చేవాళ్లను చూసే స్త్రీ వైద్యులం, ఆహార నిపుణులం కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. భయపడాల్సిన చోట నిబ్బరంగా ఉంటూ, అక్కర్లేని చోట హడలిపోతున్నారన్నది మా బాధ.

ముందు ఆ బుడగల సంగతి చూద్దాం. ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న ఫాలికల్స్ ఎదగడం మొదలుపెడతాయి. ఒక్కోదాంట్లో ఒక అండం, చుట్టూ కాస్త ద్రవం ఉంటాయి. మామూలుగా వాటిలో ఒకటి ముందుకెళ్లి 18 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా ఎదిగి పగులుతుంది, అండం బయటికొస్తుంది, మిగతావి ముడుచుకుపోతాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో చాలా నెలలు ఏ ఒక్కటీ ముందుకెళ్లదు. అన్నీ 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. స్కాన్‌లో నల్లటి చుక్కల్లా కనిపించేవి ఇవే. ఇవి గడ్డలు కావు, నీరు తోడేస్తే పోయేవీ కావు. 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలన్నీ కలిపి మొదటిసారి వివరంగా రాసినప్పుడు అండాశయంలో కొంత ముక్క కోసి తీసేవారు. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. లాప్రోస్కోపీతో అండాశయానికి సన్నటి చిల్లులు పెట్టే చికిత్స ఇప్పటికీ ఉంది గానీ, అది పిల్లలు కావాలనుకుని, మందులతో అండం విడుదల కాని కొద్దిమందికే.

ఫాలికల్స్ ఎందుకు ఆగిపోతాయన్నది కొంచెం ఓపిగ్గా తెలుసుకోవాల్సిన విషయం, ఎందుకంటే వైద్యమంతా దానిమీదే నడుస్తుంది. చాలామందిలో మూలాన ఉండేది ఇన్సులిన్. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అలా పెరిగిన ఇన్సులిన్, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోనుతో కలిసి అండాశయం చేత టెస్టోస్టిరాన్ ఎక్కువ తయారు చేయిస్తుంది. మరోపక్క, రక్తంలో ఆ టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కాలేయం తగ్గించేస్తుంది. దాంతో మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉన్నా, స్వేచ్ఛగా తిరిగే భాగం ఎక్కువై గడ్డం కింద వెంట్రుకలు, దవడ పొడవునా మొటిమలు, నడినెత్తిన జుట్టు పల్చబడడం మొదలవుతాయి. మెడ వెనక, చంకల్లో ముఖమల్‌లా మందంగా వచ్చే నలుపు కూడా ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తే తప్ప మురికి కాదు. రుద్దిన కొద్దీ చర్మం రేగి ఇంకా నల్లబడుతుంది. ఇదంతా లావుగా ఉన్నవాళ్లకే అనుకోవద్దు. సన్నగా ఉండి పొట్ట మాత్రం వచ్చిన వాళ్లలోనూ ఇన్సులిన్ ఇలాగే మొరాయిస్తుంది. తల్లికో అక్కకో ఇదే సమస్య, నాన్నవైపో అమ్మవైపో షుగర్ ఉండడం చాలా మామూలు.

ఇక జబ్బు ఉందా లేదా అని తేల్చేది స్కాన్ ఒక్కటే కాదు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన పద్ధతి ప్రకారం మూడింటిలో ఏ రెండైనా ఉండాలి: నెలసరి దూరం కావడం, మగ హార్మోన్లు ఎక్కువైన గుర్తులు ఒంటిమీదో రక్తపరీక్షలోనో కనిపించడం, అండాశయం స్కాన్‌లో పాలీసిస్టిక్‌గా ఉండడం. మొదటి రెండూ ఉంటే స్కాన్ అవసరమే లేదు. మూడోది ఒక్కటే ఉండి నెలనెలా ముట్టు సరిగ్గా వస్తుంటే, అవాంఛిత రోమాలూ లేకపోతే, ఆమెకు పీసీఓఎస్ లేదు. ఆ రిపోర్టు పట్టుకుని మందులు మొదలుపెట్టాల్సిన పనీ లేదు.

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు లెక్క ఇంకా కఠినం. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్‌ను నిర్ధారణకు వాడకూడదని 2018లోనూ 2023లోనూ వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల అండాశయాలు కూడా ఫాలికల్స్‌తో నిండి అలాగే కనిపిస్తాయి. వాళ్లకు నెలసరి తేడా, మగ హార్మోన్ల గుర్తులు రెండూ ఉంటేనే పీసీఓఎస్ అనాలి. ఒకటే ఉంటే ‘రావచ్చు, గమనిస్తూ ఉందాం’ అని రాసి ఉంచి, కొన్నేళ్లకు మళ్లీ చూడాలి. పదిహేనేళ్ల పిల్లకు స్కాన్ చూపించి జీవితాంతం ఉండే జబ్బు పేరు పెట్టడం మంచిది కాదు. ఈ ఊళ్లో అది తరచుగా జరుగుతోంది.

మరి నెలసరి దూరమైందని దేన్నిబట్టి చెప్పాలి? రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. మళ్లీ మొదలైన రోజుకు ముందురోజు వరకూ లెక్కపెట్టాలి. ముట్టు ఆగిన రోజు నుంచి లెక్కేసేవాళ్లు చాలామంది, అందుకే ‘ఇరవై రోజులకే వచ్చేస్తోంది’ అని కంగారు పడతారు. రజస్వల అయిన మొదటి ఏడాది ముందూవెనకా కావడం సహజం. ఆ తర్వాత మూడేళ్లు నిండేవరకూ 21 రోజుల కన్నా తక్కువ, 45 కన్నా ఎక్కువ అయితే తేడా ఉన్నట్టు. మూడేళ్లు దాటాక ఆ పైహద్దు 35 రోజులు. ఏడాదికి ఎనిమిది సార్ల కన్నా తక్కువ వచ్చినా తేడాయే. మొదటి ఏడాది గడిచాక ఏ వయసులోనైనా సరే, ఒక్కసారి 90 రోజులు దాటినా చూపించుకోవాలి. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోతే కూడా అంతే. గోడమీది క్యాలెండర్‌లో ఒకటో రోజుకు సున్నా చుడితే చాలు, ఫోన్‌లో యాప్ లేకపోయినా పర్లేదు. ఆ యాప్‌లు చూపించే ‘అండం విడుదల రోజు’ 28 రోజుల లెక్కతో వేసే ఊహ. నెలసరి క్రమంగా లేనివాళ్లు దాన్ని నమ్మకూడదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. చందనోత్సవానికి సింహాచలం వెళ్లాలనో, శ్రావణ శుక్రవారమనో, ఇంట్లో పెళ్లనో మెడికల్ షాపులో ముట్టు వెనక్కి జరిపే బిళ్లలు కొని వేసుకుంటారు. వాటిలో ఎక్కువగా ఉండేది నోరెథిస్టిరాన్. అవి ఆపాక రెండు మూడు రోజుల్లో వచ్చే రక్తస్రావం మందు ఆపినందువల్ల వచ్చింది, అండం విడుదలై వచ్చింది కాదు. ఆ నెల తేదీ పక్కన ‘బిళ్ల’ అని రాసుకోకపోతే లెక్క అంతా తప్పుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు వాటిని సొంతంగా అసలు వేసుకోకూడదు.

స్కాన్ తీయించుకోవాల్సి వస్తే రిపోర్టులో ఏముండాలో చెబుతాం. ఒక్కో అండాశయంలో ఫాలికల్స్ ఎన్ని, అండాశయం పరిమాణం ఎంత, గర్భసంచి లోపలి పొర మందం ఎన్ని మిల్లీమీటర్లు, ముట్టు మొదలై ఎన్నో రోజున తీశారు అన్నవి అంకెల్లో ఉండాలి. ‘పీసీఓడీ’ (పీసీఓఎస్‌కే వాడుకలో ఉన్న మరో పేరు) అని ఒక్క ముక్క రాసి పంపిస్తే మాకు ఏమీ తెలియదు. పరిమాణం లెక్క తేలికే: పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణించాలి. 4, 2.5, 2 అయితే 10.4 మిల్లీలీటర్లు. హద్దు 10. ఫాలికల్స్ విషయంలో 2003లో హద్దు 12 ఉండేది. స్కాన్ యంత్రాలు మెరుగై ఇంకా చిన్నవీ కనిపించడంతో ఇప్పుడు దాన్ని 20కి పెంచారు. పాత 12 లెక్కే పట్టుకుని ఆరోగ్యవంతులను రోగులను చేస్తున్న రిపోర్టులు ఇంకా వస్తున్నాయి. ఇరవై అన్నది యోని ద్వారా చేసే స్కాన్‌కు వర్తిస్తుంది. పెళ్లికాని అమ్మాయిలకు మూత్రాశయం నింపి పొట్ట మీంచే చేస్తారు కాబట్టి, అక్కడ చుక్కలు లెక్కపెట్టడం కన్నా పరిమాణం చూడడం నమ్మకం. ఆ రోజు 10 మిల్లీమీటర్లు దాటిన ఫాలికల్ ఒకటి ఎదుగుతూ కనిపిస్తే పరిమాణం లెక్కా తప్పుతుంది, తర్వాతి ముట్టు వచ్చాక మళ్లీ తీయాలి. మూడు నాలుగు సెంటీమీటర్ల బుడగ ఒక్కటే ఉంటే అది పీసీఓఎస్ కానే కాదు. చాలావరకు ఒకటి రెండు నెలల్లో అదే కరిగిపోతుంది.

కడుపునొప్పి పీసీఓఎస్ లక్షణం కాదు. నెలసరి రోజుల్లో మెలిపెట్టే నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటి మరో కారణం కోసం వెతకాలి. ‘పీసీఓడీ ఉంది కదా, నొప్పి ఉంటుందిలే’ అని సర్దిచెప్పడం వల్ల అసలు జబ్బు ఏళ్ల తరబడి దాగి ఉండిపోతుంది.

పీసీఓఎస్‌లా కనిపించే మరికొన్నింటిని ముందు తీసేయాలి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, పాల హార్మోను ప్రొలాక్టిన్, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి లోపం కోసం ఉదయం తీసే 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్. ఈ నాలుగూ ముట్టు రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు ఉదయం ఇస్తే అర్థం చేసుకోవడం తేలిక. ముట్టే రానివాళ్లు గర్భం లేదని తేల్చుకుని ఏ రోజైనా ఇవ్వొచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లు మూడు నెలలు ఆపితే గానీ టెస్టోస్టిరాన్ నిజం చెప్పదు. ఆపినన్నాళ్లూ గర్భం రాకుండా వేరే జాగ్రత్త కావాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు వేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. దానివల్ల థైరాయిడ్ సహా అనేక హార్మోన్ పరీక్షలు తప్పుగా వస్తాయి. రెండు మూడు రోజులు ముందే ఆపి, ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పాలి.

కొన్ని నెలల్లోనే గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు వేగంగా పెరిగి, నుదుటి మీద జుట్టు మగవాళ్లలా ఊడిపోతుంటే అది పీసీఓఎస్ నడక కాదు. అండాశయంలోనో అడ్రినల్‌లోనో కణితి లేదని వెంటనే తేల్చుకోవాలి. రొమ్ముల్లోంచి పాలు, తలనొప్పి, చూపు మసక ఉన్నా ఆలస్యం చేయకూడదు. మరో పొరపాటు సన్నగా ఉన్న అమ్మాయిల్లో జరుగుతోంది. తిండి బాగా తగ్గించి, రోజూ గంటల కొద్దీ వ్యాయామం చేసి బరువు దిగాక ముట్టు ఆగితే, స్కాన్‌లో నాలుగు చుక్కలు చూసి పీసీఓఎస్ అనేస్తారు. ఆమెకు కావాల్సింది ఎక్కువ తిండి. బరువు ఇంకా తగ్గమంటే ఎముకలు దెబ్బతింటాయి.

ఇప్పుడు మేం నిజంగా భయపడే చోటికి వద్దాం. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తయారుకాదు. ఈస్ట్రోజెన్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. అంటే గర్భసంచి లోపలి పొర నెలల తరబడి మందమవుతూనే ఉంటుంది, రాలగొట్టే హార్మోను రాదు. చివరికి ఏ నాలుగో నెలకో బరువు తట్టుకోలేక ముక్కలు ముక్కలుగా ఊడి, గడ్డలు గడ్డలుగా, పది పదిహేను రోజులు రక్తం పోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే వదిలేస్తే ఆ పొర కణాలు మారి గర్భసంచి క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ‘రాకపోతే హాయే కదా’ అనే హాస్టల్ పిల్లలకు ఎవరైనా చెప్పాల్సిన మాట ఇది. మందు చిన్నదే. మూడు నెలలు దాటినా ముట్టు రాకపోతే, గర్భం లేదని మూత్ర పరీక్షతో తేల్చుకున్నాక, డాక్టరు రోజుకు 10 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ పది నుంచి పద్నాలుగు రోజులు రాస్తారు. ఆపిన వారంలోపు ముట్టు వస్తుంది. రాకపోతే మళ్లీ కలవాలి, అదే చీటీ చూపించి షాపులో ఇంకో కోర్సు కొనకూడదు. ఏడాదికి కనీసం నాలుగు సార్లయినా పొర రాలాలన్నది మా లెక్క. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఎనిమిది రోజులు దాటినా హిమోగ్లోబిన్ చూపించుకోవాలి.

నెలనెలా గర్భనిరోధక మాత్ర వాడితే ఈ పొర పలచగా ఉంటుంది, మొటిమలు, రోమాలూ తగ్గుతాయి. పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలేమిటని తల్లులు నొచ్చుకుంటారు. మాత్ర పేరేదైనా అందులో ఉన్నది హార్మోన్లు, మేం వాటిని పొర కోసం వాడుతున్నాం. బీపీ చూడకుండా మొదలుపెట్టకూడదు. కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. సైప్రొటిరాన్ అనే హార్మోను ఉన్న మాత్రలతో గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి అవి మొదటి ఎంపిక కావు, అయినా చీటీల మీద తరచూ అవే కనిపిస్తాయి. మాత్ర ఆపాక పాత తీరు తిరిగి వస్తే అది మాత్ర చెడగొట్టినట్టు కాదు, సమస్య లోపల అలాగే ఉందన్నమాట.

రోమాల విషయంలో ఓపిక కావాలి. వెంట్రుక ఎదిగే తీరు నిదానం గనక ఏ మందైనా ఆరు నెలలకు గానీ ఫలితం చూపదు. రేజర్‌తో గీస్తే గుబురుగా పెరుగుతాయన్నది అపోహే. లేజర్ మన చామనఛాయ చర్మానికి తగిన యంత్రంతో చేయకపోతే కాలుతుంది, చాలా సిట్టింగులు పడతాయి. తెల్లబడాలని బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు ముఖానికి రాసుకుంటే మొటిమలూ వెంట్రుకలూ రెండూ పెరుగుతాయి, చర్మం పలచబడుతుంది. మగ హార్మోన్ల పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ మందు వాడేటప్పుడు గర్భం రాకుండా తప్పనిసరిగా జాగ్రత్త పడాలి.

షుగర్ సంగతి. పీసీఓఎస్ అని తేలిన రోజునే, బరువు ఎంతున్నా, షుగర్ పరీక్ష చేయాలి. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే చాలామంది తప్పించుకుంటారు, ఎందుకంటే ముందు చెడేది తిన్న తర్వాతి షుగర్. చేయాల్సింది 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష. మూడు రోజులు మామూలుగా అన్నం తినాలి. పరీక్ష ఉందని తిండి మానేస్తే ఫలితం తప్పుతుంది. రాత్రి భోజనం తర్వాత కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఉదయం రక్తం ఇచ్చి, పావు లీటరు పైచిలుకు నీళ్లలో కలిపిన గ్లూకోజు అయిదు నిమిషాల్లో తాగేయాలి. వాంతి అయితే ఆ పరీక్ష చెల్లదు, మరో రోజు చేయాలి. రెండు గంటలూ కూర్చునే ఉండాలి. బయటికెళ్లి టీ తాగి రావడం, మెట్లెక్కి దిగడం చేయకూడదు. రెండో రక్తంలో 140 లోపు మామూలు, 140 నుంచి 199 షుగర్ అంచున ఉన్నట్టు, 200 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్. టిఫిన్ తిని రెండు గంటలకు ఇచ్చే రక్తం దీనికి బదులు కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తేలికే గానీ, రక్తహీనత ఉన్నవాళ్లలో తప్పుదోవ పట్టిస్తుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. బాగానే ఉందని వచ్చినా ఒకటి నుంచి మూడేళ్ల మధ్య మళ్లీ చేయించుకోవాలి. గర్భం దాల్చాలనుకునేటప్పుడు మరీ ముఖ్యం.

జాతీయ కార్యక్రమం కింద ఊరూరా చేయిస్తున్న బీపీ, షుగర్ పరీక్షలు 30 ఏళ్లు నిండినవారికి. పీసీఓఎస్ ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయి ఆ జల్లెడలోకి రాదు. గ్లూకోజు పొడి, రెండు సార్లు రక్తం తీయడం, ఇంతకన్నా ఖర్చు లేని పరీక్ష ఇది. విశాఖ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో వయసుతో పని లేకుండా వీళ్లకూ చేయాలని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. వార్డు సచివాలయాల్లోని ఏఎన్‌ఎంలు ఇంటింటికీ వెళ్లినప్పుడు ‘చివరి ముట్టు ఎప్పుడు, అంతకుముందుది ఎప్పుడు’ అని రెండు ప్రశ్నలు అడిగితే సగం పని అయిపోతుంది.

తిండి దగ్గర ప్రత్యేకమైన ‘పీసీఓఎస్ డైట్’ అంటూ ఏదీ రుజువు కాలేదు. బరువు ఎక్కువున్నవాళ్లు అయిదు నుంచి పది శాతం తగ్గినా నెలసరి తిరిగి గాడిన పడే అవకాశముంది. అంటే 70 కిలోల మనిషికి మూడున్నర నుంచి ఏడు కిలోలు. మన వాళ్ల నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇప్పుడు అందరూ చోళ్ల (రాగుల) వెనక పడ్డారు. చోళ్లు మంచివే, కాల్షియం దండిగా ఉంటుంది. కానీ వంద గ్రాముల చోళ్లలో దాదాపు 320 కేలరీలున్నాయి, బియ్యంలో 350. అన్నం తగ్గించకుండా పైన రెండు గ్లాసుల చోడంబలి తాగితే బరువు పెరుగుతుంది. పల్చటి జావ కన్నా రొట్టో సంకటో మేలు, అదీ అన్నానికి బదులుగా. మా విశాఖ పళ్లెంలో అసలు లోటు మాంసకృత్తులది. పొద్దున్న నాలుగిడ్లీ, మధ్యాహ్నం అన్నంలో రసం, రాత్రి ఉప్మా తింటే రోజంతా పిండిపదార్థమే. పెసరట్టు, ఉడికించిన ఉలవలు, రెండు గుడ్లు, చేపల రేవు నుంచి వచ్చే కవళ్లో కానాగంతలో చేర్చాలి. వంద గ్రాముల చేపలో ఇరవై గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, పులుసు పెడితే నూనె కూడా ఎక్కువ పట్టదు. పళ్లెంలో సగం కూర, పావు పప్పో చేపో గుడ్డో, పావు అన్నం. ముందు కూర, పప్పు తిని చివర్న అన్నం తింటే షుగర్ అంత ఎగదన్నదు. భోజనం అయ్యాక పదిహేను నిమిషాల నడక కూడా ఇదే మేలు చేస్తుంది. పండ్ల రసాలు, చెరుకు రసం వదిలేయడం మంచిది.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు, దానికి తోడు రెండు రోజులు కండరాలకు పని. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కబుర్లు చెప్పుకుంటూ సాగే నడక లెక్కలోకి రాదు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి, అదీ వేగం. కండరాలకు జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు. అచ్యుతాపురం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లకూ, రుషికొండ వైపు రాత్రి ఉద్యోగాలవాళ్లకూ మా సలహా నిద్ర గురించి: పగలైనా గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోవాలి. బాగా లావుగా ఉండి గురక పెడుతూ పగలు కునికేవాళ్లు నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి. దిగులు, ఆందోళన కూడా వీళ్లలో ఎక్కువ. ముఖం మీద వెంట్రుకల గురించి చుట్టాలు చేసే వ్యాఖ్యలు అందుకు తక్కువేమీ దోహదం చేయవు.

ఇన్సులిన్ మాట ఒంటికి వినిపించేలా చేసే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ గురించి రెండు మాటలు. రాత్రి భోజనంతో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం రెండు వారాలకోసారి పెంచాలి. ఒకేసారి పెద్ద మోతాదు వేస్తే విరేచనాలు, వికారం వచ్చి మందు మానేస్తారు. ఒక్క మెట్‌ఫార్మిన్ వల్ల షుగర్ పడిపోదు. ఏళ్ల తరబడి వాడేవాళ్లు, ముఖ్యంగా శాకాహారులు, బీ12 చూపించుకోవాలి. ఇనోసిటాల్ సాచెట్లు హాని చేయవు గానీ వాటి ధరకు తగ్గ ఫలితం రుజువు కాలేదు. నెలకు ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవడం నయమని మా అభిప్రాయం.

పిల్లలు పుట్టరన్న భయం చాలావరకు అనవసరం. అండం విడుదల కావడం లేదంటే దాన్ని విడుదల చేయించవచ్చు. ముట్టు మూడో రోజు నుంచి అయిదు రోజులు రోజుకు 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్‌తో మొదలుపెట్టడం ఇప్పుడు మొదటి చికిత్స. ఇదే మందును సంతానలేమికి వాడడాన్ని మన దేశంలో 2011లో నిషేధించి 2017లో ఎత్తేశారు; ఈలోగా 2014లో వచ్చిన అమెరికా అధ్యయనంలో పాత మందు క్లోమిఫెన్‌తో 19.1 శాతం స్త్రీలకు బిడ్డలు పుడితే లెట్రోజోల్‌తో 27.5 శాతానికి పుట్టారు. మందు మొదలుపెట్టే ముందు భర్త వీర్య పరీక్ష అయి తీరాలి, రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత. ఆ ఒక్క పరీక్ష చేయించకుండా కోడలికి ఏడాది పాటు ఇంజెక్షన్లు వేయించే ఇళ్లున్నాయి. గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. రెండో వైపు చూస్తే, పీసీఓఎస్ ఉంది కాబట్టి గర్భం రాదని ధీమా పడకూడదు. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదంతే. పిల్లలు వద్దనుకుంటే గర్భనిరోధం వాడాలి, ముట్టు ఆలస్యమైన ప్రతిసారీ ముందు మూత్ర పరీక్ష చేసుకోవాలి. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అన్న మాటకు ఏ ఆధారమూ లేదు.

విశాఖలోని ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్‌కు గానీ ఘోషా ఆసుపత్రికి గానీ వెళ్లేవాళ్లు ఓపీ చీటీతో పాటు చివరి ఆరు ముట్ల తేదీలు, వాడిన బిళ్లల పట్టీలు, ఇంట్లో ఎవరికి షుగర్ ఉందో రాసిన కాగితం తీసుకెళ్లాలి. రద్దీలో డాక్టరు మీకు కేటాయించగలిగేది కొద్ది నిమిషాలే. వాటిని తేదీలు గుర్తు చేసుకోవడానికి ఖర్చు పెట్టకండి.

చివరిగా పత్రికలవారితో ఒక మాట. ‘పీసీఓడీ నలభై రోజుల్లో మాయం’, ‘ఆపరేషన్ లేకుండా బుడగలు కరిగిస్తాం’ అన్న ప్రకటనలు వర్గీకృత పేజీల్లోనూ ఆదివారం అనుబంధాల్లోనూ వస్తూనే ఉన్నాయి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ నెలసరి లోపాలు సరిచేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. ఆ చట్టం షెడ్యూలులో గర్భసంచి వ్యాధులు, ఆడవాళ్లలో సంతానలేమి, షుగర్, స్థూలకాయం కూడా ఉన్నాయి. ఇచ్చేవారితో పాటు ప్రచురణలో భాగం పంచుకునేవారికీ అది వర్తిస్తుంది. అలాంటి ప్రకటన బల్ల మీదికి వచ్చినప్పుడు మీ ప్రకటనల విభాగం ఆ సెక్షన్ ఒకసారి చదివి వెనక్కి పంపాలని కోరుతున్నాం. ఆ జాగా ఖాళీగా ఉంటే ఒక నెల మాకివ్వండి. పైన చెప్పిన 35, 45, 90 రోజుల లెక్క చిన్న పట్టికగా వేసుకోవచ్చు, రాసిచ్చే బాధ్యత మాది.

ఇట్లు,
కొందరు స్త్రీ వైద్యులు, ఆహార నిపుణులు,
విశాఖపట్నం